హార్న్ సబ్‌లలో టకటక శబ్దం ఎలా పోయిందంటే

నా మడత హార్న్ సబ్‌వూఫర్లు (డబ్బాలో మడతపెట్టిన గొట్టంలాంటి హార్న్ ఉండే బేస్ స్పీకర్లు) 40 హెర్ట్జ్ పైన ఎంత గట్టిగా పెట్టినా చక్కగా మోగేవి. బేస్ అంతకంటే కిందికి దిగే పాట రాగానే లోపల్నుంచి టకటకమని చప్పుడు. స్పీకర్ కోన్‌ను ఊపే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, వెనక పలకకు కొట్టుకునే శబ్దమది. వింటుంటేనే టెన్షన్; అలాగే వదిలేస్తే డ్రైవర్ (డబ్బాలోని స్పీకర్ యూనిట్) పోతుంది.

ఆంప్లిఫైయర్‌లో పవర్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్ లైటు కూడా వెలగలేదు. ఎందుకంటే ఇది పవర్ సమస్య కాదు. కటాఫ్ (హార్న్ సరిగా పనిచేసే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) కింద హార్న్‌లోని గాలి కోన్‌కు ఎదురు నిలవదు. అడ్డు లేని కోన్ తక్కువ వాట్లకే హద్దు దాటి ఊగుతుంది. ట్యాప్డ్ హార్న్‌లో (కోన్ రెండు వైపులూ హార్న్‌లోకే తెరుచుకునే రకం) వెనక మూసిన గాలి గది కూడా ఉండదు, కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త.

అందుకే సౌండ్ ప్రాసెసర్‌లో 38 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ వాలుతో, కింది శబ్దాలను తగ్గించే హైపాస్ ఫిల్టర్ పెట్టాను. 30 హెర్ట్జ్ దగ్గర ఈక్వలైజర్‌లో పెంచి ఉంచిన ఈక్యూ బూస్ట్ తీసేశాను. 6 డెసిబెల్స్ పెంచితే పవర్ నాలుగింతలు, కోన్ కదలిక రెండింతలు మరి! తర్వాత తక్కువ వాల్యూమ్‌లో సైన్ టోన్ (ఒకే ఫ్రీక్వెన్సీ ఉండే శుద్ధ శబ్దం) వేసి, 60 హెర్ట్జ్ నుంచి మెల్లగా దించుతూ విన్నాను. ఎక్కడా చప్పుడు లేదు.

విడివిడిగా ఉన్న డబ్బాలను పక్కపక్కనే చేర్చాను. హార్న్‌ల నోటి వైశాల్యం కలిసొచ్చి కింది బేస్ ఇంకా నిండుగా వచ్చింది. 30 కిందికి కూడా కావాలంటే దానికి తగ్గ వేరే సబ్ పెట్టుకోవడమే నయం.