ట్రైక్‌కి ట్రైలర్ కొన్నా, కొలత తప్పా

టెక్సాస్‌లో హార్లే ట్రై గ్లైడ్ అనే ట్రైక్ (మూడు చక్రాల మోటార్‌సైకిల్) కొన్నాక నాలుగువైపులా మూసి ఉండే ట్రైలర్ కోసం తిరిగాను. బండి వెనక వెడల్పు దాదాపు 55 అంగుళాలు, బరువు 560 కిలోల పైనే. 5 అడుగుల ట్రైలర్ చాలనుకున్నా. లోపల గోడల మధ్య బాగానే ఉంది, తలుపు ఫ్రేమ్ దగ్గర వేలు కూడా దూరదు! టేపు అక్కడ పెట్టాల్సింది. చివరికి 6 అడుగుల వెడల్పు, 12 పొడవు, రెండు ఇరుసులది తీసుకున్నా.

మొదటిసారే హైవే మీద ట్రైలర్ తోక ఊపింది. ఒకటే టెన్షన్. బండిని మరీ వెనక్కి కట్టేశాను మరి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ని లాగే వాహనానికి తగిలించే కొక్కెం) మీద పడాలి. అడుగు ముందుకు జరిపి, వెనక చక్రాలు రెంటికీ పట్టీలు బిగించాక ఊపు ఆగింది. ఎక్కించేటప్పుడు అడుగుభాగం గీసుకుంటుంటే ర్యాంప్ చివర కింద రెండు చెక్కలు పెట్టా, వాలు తగ్గింది.