బంధువుల జన్యు డేటా విశ్లేషణకు ముందు జాగ్రత్తలు

గుంటూరు చుట్టుపక్కల కుటుంబాల నుంచి శాంపిల్స్ తెచ్చుకున్నారా? ప్రోగ్రామ్ రన్ చేసే ముందు ఇవి చూసుకోండి.

• వంశవృక్షం రాసుకునేటప్పుడు మేనరికాల గురించి మర్యాదగా, తప్పకుండా అడగండి. మన దగ్గర ఇది చాలా ముఖ్యం. మేనబావ, మరదలు పెళ్లి చేసుకుంటే వాళ్ల పిల్లల అంతఃప్రజనన గుణకం (ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం) 1/16. మేనమామ, మేనకోడలు అయితే 1/8. ఇది వదిలేస్తే తర్వాతి లెక్కలు దారి తప్పుతాయి. వరసకు పిలిచే వాళ్లెవరో, రక్తసంబంధం ఎవరిదో విడిగా రాసుకోండి.

• కాగితం మీది చుట్టరికాన్ని, డీఎన్ఏ చూసి చుట్టరికం లెక్కగట్టే కింగ్ (KING) లాంటి సాఫ్ట్‌వేర్‌తో సరిచూడండి. సొంత అన్నదమ్ములకు కిన్‌షిప్ విలువ (ఇద్దరి జన్యు దగ్గరితనం చెప్పే అంకె) సుమారు 0.25 రావాలి. 0.354 దాటితే ఒకే మనిషి శాంపిల్ రెండుసార్లు వచ్చి ఉండాలి, లేదా వాళ్లు ఏకరూప కవలలు. తేడా వస్తే ముందు ట్యూబుల లేబుళ్లు చూడండి. చుట్టరికంలో తేడా వచ్చిన సంగతి కుటుంబంలో ఎవరి దగ్గరా నోరు జారకండి, కాపురాలు కూలిపోతాయి.

• హార్డీ-వైన్‌బర్గ్ పరీక్షకు (జన్యురూపాలు ఉండాల్సిన నిష్పత్తిలో ఉన్నాయో లేదో చూసేది) ఒకరికొకరు చుట్టాలు కాని వాళ్లనే తీసుకోండి.

• జన్యువుకూ లక్షణానికీ సంబంధం వెతికేటప్పుడు మామూలు రిగ్రెషన్ (ఒకదాన్ని బట్టి ఇంకొకటి ఎంత మారుతుందో లెక్కగట్టే పద్ధతి) వద్దు. అది అందరినీ సంబంధం లేని మనుషులుగా లెక్కేసి, లేని జన్యు ప్రభావాలను ఉన్నట్టు చూపిస్తుంది. కిన్‌షిప్ మాత్రికతో (ప్రతి ఇద్దరి కిన్‌షిప్ విలువల పట్టిక) మిక్స్‌డ్ మోడల్ (చుట్టరికాన్ని కూడా లెక్కలోకి తీసుకునే మోడల్) వాడి, లామ్డా (ఫలితాలు అతిగా ఉబ్బాయా అని చెప్పే అంకె) 1కి దగ్గరగా ఉందో లేదో చూడండి.

• ఫైళ్లలో పేర్లు, ఊళ్లు తీసేయండి. చిన్న ఊళ్లో వంశవృక్షం చూస్తేనే ఎవరి ఇల్లో తెలిసిపోతుంది.