భువనగిరి గుట్ట ఎక్కే ముందు: ఎండాకాలం, తొలకరి జాగ్రత్తలు

హైదరాబాదు నుంచి వరంగల్ రహదారిలో దాదాపు 50 కిలోమీటర్లు వెళ్తే కనిపించే భువనగిరి గుట్ట మొత్తం ఒకే బండ. సుమారు 500 అడుగుల ఎత్తున్న ఈ ఏకశిల మీద పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని కాలంలో కోట వెలిసింది. త్రిభువనగిరి అనే పాత పేరు ఆయన బిరుదు నుంచి వచ్చినదే. మెట్లు ఉన్నాయి కదా అన్న ధీమాతో, కాళ్లకు హవాయి చెప్పులతో, చేతిలో అర లీటరు నీళ్ల సీసాతో బయలుదేరేవారు మాత్రం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

మార్చి నుంచి రోహిణి కార్తె ముగిసేదాకా అసలు శత్రువు ఎండే. ఈ బండకు చెట్ల నీడ దాదాపు లేదు. పైగా రాయి పగలంతా వేడిని పీల్చుకొని పొద్దువాలాక నెమ్మదిగా వదులుతుంది కనుక, సాయంత్రం నాలుగింటికి ఎక్కితే చల్లగా ఉంటుందన్న లెక్క ఇక్కడ పనిచేయదు. గాలి కాస్త తగ్గినా కింది నుంచి సెగ తగులుతూనే ఉంటుంది. ప్రవేశానికి అనుమతించే తొలి వేళకే వచ్చి, పదింటిలోపు దిగిపోవడం మేలు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, తలకు టోపీ లేదా రుమాలు ఉండాలి. కోటలోని గుంటల నీళ్లు తాగడానికి పనికిరావు. తోటివారిలో ఎవరైనా తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడితే, ఒళ్లు కాలిపోతుంటే, అది వడదెబ్బ అని గుర్తించి, నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇక బండ ఆకారం సంగతి చెప్పాలి. గుట్ట అంచు మేడ పిట్టగోడలా తటాలున తెగిపోదు. కుండ భుజంలా నెమ్మదిగా వంగుతూ పోతుంది. నాలుగడుగులు ముందుకు వేస్తే ఫొటో బాగా వస్తుందనిపిస్తుంది, ఆ నాలుగూ వేశాక ఇంకో నాలుగు వేయాలనిపిస్తుంది, వాలు ఎక్కడ మన పట్టు దాటిందో కాళ్లకు తెలిసేసరికి వెనక్కి తిరగడమే కష్టమవుతుంది. అందువల్ల మెట్లు, కమ్మీలు ఉన్న దారిని విడిచి వాలు వైపు వెళ్లకపోవడమే క్షేమం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ పొందింది ఈ బండ మీదే అన్న మాట నిజమే, కానీ వారి నడుముకు తాడు, పక్కన శిక్షకుడు ఉన్నారన్నది మరచిపోరాదు.

తొలకరి పడ్డాక ప్రమాదం రూపు మారుతుంది. నీళ్లు జారిన చోట నల్లటి చారలు కనిపిస్తాయి. ఎండినప్పుడు హాని లేనట్టుండే ఆ పాచి తడిస్తే సబ్బులా జారుతుంది. అడుగుభాగం అరిగిపోని బూట్లు వేసుకోవాలి. దిగేటప్పుడు పక్కకు తిరిగి, మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్న చిన్న అడుగులు వేయాలి. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే కాళ్లు అలసి ఉంటాయి, ధ్యాస ఇంటి మీద ఉంటుంది.

మే, జూన్ సాయంత్రాల్లో ఉరుము వినబడితే శిఖరం దాకా చేరాలన్న పట్టుదల వదిలేయాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఎడం ఉంటే పిడుగు పడే పరిధిలో ఉన్నట్టే. శిథిలమైన గోడల చాటున నిలబడకుండా, ఇనుప కమ్మీలను వీలైనంత వరకు తాకకుండా, ఒకరికొకరు ఎడంగా నడుస్తూ వెంటనే దిగి, పక్కా భవనంలోకో కారులోకో చేరాలి. చివరి ఉరుము వినిపించాక అరగంట వరకు మళ్లీ ఎక్కకూడదు.