నూనెలో నీటిబొట్టు, బొట్టులో ఎంజైమ్ – 4వ పాఠం: నీళ్లు కొలవడం

పోయిన పాఠంలో ఒక విషయం తేల్చుకున్నాం. మిథనాల్, అసిటోన్ లాంటివి ఎంజైమ్‌కి అంటిపెట్టుకున్న నీళ్లను లాగేసుకుంటాయి, నూనెలాంటి సాల్వెంట్ ఐసో ఆక్టేన్ ఆ జోలికి పోదు. అయితే ఐసో ఆక్టేన్‌లో ఎంజైమ్ పొడి కరగదు, అడుగున సన్న ఇసుకలా కూర్చుంటుంది. ఈసారి దాన్ని కరిగిద్దాం, పనిచేస్తూ ఉండగానే.

సబ్బు నీళ్లలో సర్ఫాక్టెంట్ (నీళ్లంటే ఇష్టపడే తల, నూనెంటే ఇష్టపడే తోక ఉన్న అణువు) ఏం చేస్తుందో మీకు తెలుసు, తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి జిడ్డును మధ్యలో దాచుకుంటుంది. నూనెలాంటి సాల్వెంట్‌లో అదే తిరగబడుతుంది: తలలు లోపలికి, మధ్యలో నీళ్లు, ఆ నీళ్లలో ఎంజైమ్. దీన్నే రివర్స్ మైసెల్ అంటారు. మాస్కోలో కారెల్ మార్టినెక్ బృందం 1977లోనే ప్రోటీన్లను కోసే ఎంజైమ్ కైమోట్రిప్సిన్‌ని ఇలా పనిచేయించింది. మనం కూడా ఆ ఎంజైమ్‌తోనే మొదలుపెడదాం, సర్ఫాక్టెంట్ ఏఓటీ. (మలబద్ధకానికి ఇచ్చే మందుల్లో ఉండే డాక్యుసేట్ సోడియం ఇదే.)

ఈ పాఠమంతా ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది: డబ్ల్యూ నాట్. అంటే ఒక్కో ఏఓటీ అణువుకి ఎన్ని నీటి అణువులు ఉన్నాయి అన్న లెక్క, అంతే. నీటిబొట్టు సైజుని నిర్ణయించేది ఇదే. డబ్ల్యూ నాట్ 10 దగ్గర బొట్టు అడ్డంగా సుమారు 3 నానోమీటర్లు, కైమోట్రిప్సిన్ 4 నుంచి 5. అంటే ఖాళీ బొట్టు కంటే ఎంజైమ్ కాస్త పెద్దదే, అది చేరాక బొట్టు దాని సైజుకి సాగి దాదాపు నిండుగా పట్టుకుంటుంది.

ఇక చేతిపని. 50 మి.లీ. ఫ్లాస్క్‌లో 2.22 గ్రాముల ఏఓటీ వేసి ఐసో ఆక్టేన్‌తో గీత దాకా నింపితే 0.1 మోలార్ వస్తుంది. దగ్గర్లో మంట ఉండకూడదు, ఐసో ఆక్టేన్ పెట్రోల్‌లాగే అంటుకుంటుంది. ఏఓటీ మైనంలా జిగురుగా ఉంటుంది, గరిటె నుంచి ఊడిరాదు, ఓపిగ్గా తీయండి. మూడు గాజు ట్యూబుల్లో ఒక్కోదానిలో 10 మి.లీ. పోయండి. డబ్ల్యూ నాట్ 5కి మొత్తం 90 మైక్రోలీటర్ల నీళ్లు, 10కి 180, 20కి 360.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: నీళ్లు పెంచుతున్నామని ఎంజైమ్ ద్రావణాన్నే పెంచేస్తారు, దాంతో ఎంజైమ్ మోతాదు కూడా మారిపోయి పోల్చడానికి ఏమీ మిగలదు. ఎంజైమ్‌ని మి.లీ.కి 5 మి.గ్రా. చొప్పున 1 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, ఐస్‌లో ఉంచుకోండి, లేకపోతే అది తనని తానే కోసుకుంటుంది. మూడింటికీ 20 మైక్రోలీటర్లే ఇవ్వండి. మిగతాది 50 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం), పీహెచ్ 8: వరసగా 70, 160, 340. ముందు బఫర్ వేసి కలిపి, ఆ తర్వాతే ఎంజైమ్. వేయగానే తెల్లగా మబ్బు కడుతుంది, ఊపుతూ ఉంటే ఒకటి రెండు నిమిషాల్లో తేటపడుతుంది. ట్యూబు వెనక పేపర్ పెడితే అక్షరాలు చదవగలగాలి. మబ్బు పోకపోతే రీడింగ్ తీయొద్దు.

ఒకసారి నాకు ఎంత చేసినా డబ్ల్యూ నాట్ 5 ట్యూబు, 10 ట్యూబు ఒకేలా పనిచేశాయి. రెండు రోజులు ఎంజైమ్‌నే తిట్టుకున్నాను. తీరా చూస్తే వానాకాలంలో ఏఓటీ సీసా మూత సరిగా బిగించలేదు, అది గాలిలోని తేమ తాగి కూర్చుంది. నేను వేసినవి కాక, అందులో ముందే నీళ్లున్నాయి! అందుకే ఏఓటీని వాక్యూమ్‌లో ఆరబెట్టి వాడండి, కార్ల్ ఫిషర్ (నీటి శాతం కొలిచే పద్ధతి) సౌకర్యం ఉంటే ద్రావణంలో నీళ్లు ఎంతో చూసి లెక్కలో కలపండి.

ఇప్పుడు కొలవడం. పారా నైట్రోఫీనైల్ అసిటేట్‌ని అసిటోనైట్రైల్‌లో కరిగించి కొద్దిగా వేయండి, ఎంజైమ్ దాన్ని కోస్తే పారా నైట్రోఫీనాల్ విడిపోయి పసుపు రంగు వస్తుంది, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 400 నానోమీటర్ల దగ్గర చూడండి. ఈ పదార్థం ఎంజైమ్ లేకపోయినా మెల్లగా విరుగుతుంది, కాబట్టి ప్రతి ట్యూబుకీ ఎంజైమ్ బదులు అదే ఆమ్లం వేసిన జత ట్యూబు ఉండాల్సిందే, అందులో వచ్చిన వేగాన్ని తీసేయాలి. పసుపు ఎంత గాఢంగా కనిపిస్తుందన్నది నీళ్లలో ఒకలా, మైసెల్‌లో ఒకలా ఉంటుంది. అందుకని పుస్తకంలోని అంకె వాడకుండా, తెలిసినంత పారా నైట్రోఫీనాల్‌ని మీ మైసెల్ ద్రావణంలోనే వేసి, డబ్ల్యూ నాట్ మారినప్పుడల్లా విడిగా కాలిబ్రేషన్ గీత గీయండి. క్యువెట్ (రీడింగ్ కోసం ద్రావణం పోసే చిన్న పాత్ర) గాజుదో క్వార్ట్జ్‌దో కావాలి, మూతతో. చౌక ప్లాస్టిక్‌ది ఐసో ఆక్టేన్‌కి చెడిపోతుంది.

డబ్ల్యూ నాట్ పెంచుతూ పోతే కైమోట్రిప్సిన్‌కి వేగం గంట ఆకారంలో పెరిగి తగ్గుతుంది, శిఖరం సాధారణంగా 10 చుట్టుపక్కల. 5 దగ్గర తగ్గడానికి కారణం, ఉన్న నీళ్లన్నీ ఏఓటీ తలల్నీ సోడియం అయాన్లనీ పట్టుకుని ఉండిపోతాయి, ఎంజైమ్ కదలడానికి చాలినంత వదులు దొరకదు. కొవ్వుల్ని కోసే లైపేజ్‌కీ ఇదే అంకె సరిపోతుందని మాత్రం అనుకోకండి, అది నీటికీ నూనెకీ మధ్య సరిహద్దు మీద పనిచేసే ఎంజైమ్, దానికి మళ్లీ మొదటి నుంచి వెతకాలి.

నోట్స్‌లో పీహెచ్ రాసేటప్పుడు "బఫర్ పీహెచ్ 8" అనే రాయండి. ఐసో ఆక్టేన్‌లో మీటర్ ముంచితే వచ్చే అంకెకి అర్థం ఉండదు.

వచ్చే పాఠంలోపు 5కీ 20కీ మధ్య 8, 12, 15 కూడా చేసి గ్రాఫ్ గీసి ఉంచుకోండి. అప్పుడు ఆ నీటిబొట్టు కూడా లేకుండా, ఎంజైమ్ చుట్టూ కాస్త సర్ఫాక్టెంట్ మాత్రమే చుట్టి సాల్వెంట్‌లోకి పంపే పద్ధతి చూద్దాం.