పేస్లిప్‌లో ఆ 1257ఎల్ ఏమిటి?

బ్రిటన్‌లో మొదటి పేస్లిప్ రాగానే అందరి చూపూ కింద నెట్ పే మీదికే పోతుంది. దానికంటే ముందు ట్యాక్స్ కోడ్ అన్న చిన్న గడి చూడండి.

అక్కడ 1257ఎల్ ఉంటే నిశ్చింత. అంకెల పక్కన ఒక సున్నా చేర్చుకోండి: 12,570. ఏడాదికి అన్ని పౌండ్ల సంపాదన దాకా ఆదాయ పన్ను లేదు. నెలకు సుమారు 1,047. ఎల్ అంటే అందరికీ ఇచ్చే మామూలు మినహాయింపే మీకూ ఇచ్చారని. స్కాట్లాండ్‌లో ఉంటే ముందు ఎస్, వేల్స్‌లో అయితే సీ తగులుతుంది.

పార్ట్‌టైమ్ చేసే మన విద్యార్థులకు ఎక్కువగా తగిలేది బీఆర్ అనే కోడ్. మినహాయింపు ఏమీ లేకుండా, మొదటి పౌండు నుంచే 20 శాతం కోత. నాకూ తగిలింది, తప్పు నాదే. చేరిన రోజు హడావిడిలో, కొత్త ఉద్యోగులు నింపే స్టార్టర్ చెక్‌లిస్ట్ ఫారంలో సీ అనే గడికి టిక్ పెట్టేశాను. సీ అంటే 'నాకు ఇంకో ఉద్యోగం ఉంది' అని చెప్పినట్టు! వెయ్యి పౌండ్ల జీతంలో 200 పోయాయి. సరైన కోడ్ ఉంటే ఆదాయ పన్ను ఒక్క పెన్నీ కూడా పట్టేవారు కాదు. అసలు ఆ ఫారమే ఇవ్వకపోతే 0టీ అనే కోడ్ వేస్తారు. అందులోనూ మినహాయింపు ఉండదు.

1257ఎల్ పక్కన ఎం1, డబ్ల్యూ1, ఎక్స్ లాంటివి కనిపిస్తే అది ఎమర్జెన్సీ కోడ్. ఇక్కడ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది. మీరు అక్టోబర్‌లో మొదటి ఉద్యోగంలో చేరారనుకోండి. మామూలు కోడ్‌లో ఏప్రిల్ నుంచి వాడుకోని మినహాయింపు కూడా కలిసి, ఆ నెల జీతం నాటికి 7,300 పౌండ్ల పైమాటే అవుతుంది. అందుకే మొదట్లో చాలామందికి పన్నే పడదు. ఎం1 ఉంటే ఆ పాత నెలల ఊసే ఉండదు, ఏ నెలకానెలే లెక్క.

కోడ్ తప్పని తేలితే మేనేజర్‌తో వాదించి లాభం లేదు. కోడ్ ఇచ్చేది హెచ్‌ఎంఆర్‌సీ, అంటే బ్రిటన్ పన్నుల శాఖ. వాళ్ల యాప్‌లోనో, పర్సనల్ ట్యాక్స్ అకౌంట్‌లోనో మీ ఉద్యోగ వివరాలు సరిచేయండి. కొత్త కోడ్ నేరుగా కంపెనీకి వెళ్తుంది, ఎక్కువ పట్టిన డబ్బు సాధారణంగా తర్వాతి జీతంతోనే తిరిగొస్తుంది. సంవత్సరం దాటిపోయినా నాలుగేళ్ల వరకు అడగొచ్చు. కమిషన్ తీసుకుని ఇప్పిస్తామనే ఏజెంట్ల జోలికి పోకండి, ఇది మీరే చేసుకోగల పని.

నేషనల్ ఇన్సూరెన్స్ కోత వేరు, దానికీ ఈ కోడ్‌కూ సంబంధం లేదు. ఉద్యోగం మారేటప్పుడు పాత కంపెనీ ఇచ్చే పీ45 కాగితం కొత్తవాళ్లకు ఇవ్వడం మాత్రం మరవకండి. అది చేతిలో ఉంటే బీఆర్, 0టీ గొడవలు చాలావరకు రావు.