కరెంటు (రేడియేషన్) పెట్టించుకునే ముందు ఇవి అడగండి

రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేసి కుట్లు ఆరాక, "రేడియేషన్ కూడా కావాలమ్మా" అన్నారు డాక్టరుగారు. గడ్డ పోయింది కదా, మళ్లీ కరెంటు దేనికని రాత్రంతా ఏడ్చాను. మీదీ అదే పరిస్థితి అయితే, సంతకం పెట్టేముందు "నా కేసులో దీనివల్ల ఎంత లాభం?" అని అడగండి.

రొమ్ము ఉంచి గడ్డ వరకే తీసినవాళ్లలో, రేడియేషన్ లేకపోతే పదేళ్లలో నూటికి 35 మందికి జబ్బు తిరగబెట్టింది. పెట్టించుకున్నవాళ్లలో 19 మందికి. 2011లో వచ్చిన ఈ లెక్క పదివేల మందికి పైగా ఆడవాళ్లది. పదిహేనేళ్లలో ఈ జబ్బుతో పోయినవాళ్లు కూడా నూటికి 25 నుంచి 21కి తగ్గారు. నేను ఒప్పుకున్నది ఆ నలుగురి కోసమే. అయితే 65 దాటి, గడ్డ చిన్నదై, చంకలోకి పాకకుండా, హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు వాడేవాళ్లకు లాభం తక్కువ, ఆయుష్షులో తేడా కనిపించలేదు. వాళ్లు డాక్టరుతో మాట్లాడి మానుకోవచ్చు.

ఎడమవైపు అయితే గుండె గురించి తప్పకుండా అడగండి. గుండెకు తగిలే డోసు పెరిగేకొద్దీ తర్వాతి ఏళ్లలో గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. నాది ఎడమే. ఊపిరి నిండా పీల్చి బిగపడితే ఊపిరితిత్తి ఉబ్బి, గుండె రొమ్ముకు దూరంగా జరుగుతుంది. ఇంట్లో ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ సాధన చేశాను. మొదటిరోజు 12 సెకన్లు, వారానికి 25. బల్ల మీద పడుకున్నాక మైకులో "పీల్చండమ్మా, పట్టుకోండి" అంటారు. మెషిన్ గుయ్‌మంటుంది. "వదలండి." నొప్పేమీ ఉండదు.

కరెంటు పెట్టేటప్పుడు చెయ్యి తలపైకి ఎత్తి ఉంచాలి కాబట్టి, కుట్లు మానుతుండగానే, ఫిజియోథెరపీ వాళ్లు చెప్పినట్టు, గోడ మీద వేళ్లు పాకించండి. నేను వంటింటి గుమ్మానికి రోజూ పెన్సిల్ గీత పెట్టేదాన్ని.

ఎన్ని సిట్టింగులో కూడా అడగండి. చాలామందికి మూడు వారాల్లో 15, కొందరికి వారంలో 5 సరిపోతాయి. ఊరి నుంచి వచ్చి రూము అద్దెకు తీసుకునేవాళ్లకు ఇది పెద్ద తేడా. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ముందే కనుక్కోండి.

మన చర్మం ఎర్రబడటం కంటే నల్లబడటమే ఎక్కువ కనిపిస్తుంది. నాకు రొమ్ము కింది మడతలో ఒలిచింది, అదీ అన్నీ అయిపోయాక రెండో వారంలో. పసుపు రాయమన్నారు, రాయలేదు. వాళ్లిచ్చిన క్రీమే రాసి, బ్రా మానేసి వదులైన కాటన్ జాకెట్టు వేసుకున్నాను. నీరసం చాలా రోజులు ఉంది. మనవణ్ణి ఎత్తుకోవద్దని చుట్టుపక్కలవాళ్లు భయపెట్టారు. బయటి నుంచి మెషిన్‌తో ఇచ్చే కిరణాలు ఒంట్లో నిలవవు, నిశ్చింతగా ఎత్తుకోండి.

నెలల తర్వాత పొడి దగ్గు, ఆయాసం వచ్చినా, చెయ్యి వాచినా వెంటనే చూపించుకోండి. రేడియేషన్ వల్ల వేరే క్యాన్సర్ రావడం అరుదు, పొగ తాగేవాళ్లకు ముప్పు ఎక్కువ.

చివరిరోజు డోసు వివరాల కాగితం అడిగి తీసుకోండి. తర్వాత ఎప్పుడైనా డాక్టరు దగ్గరికెళ్తే అది అడగొచ్చు. నాది బీరువాలో ఆధార్ కార్డు ఉన్న కవర్లోనే పెట్టాను.