పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ లేస్తోందా? చెన్నైలో ఇరుగుపొరుగు ఎప్పుడు ఏం చెయ్యాలి

టీనగర్, వెస్ట్ మాంబళం, మైలాపూర్ వీధుల్లో పాత ఇల్లొకటి పడగొట్టి చుట్టూ రేకులు కట్టారంటే ఆ వారంలోనే వీధంతా మాటలు మొదలవుతాయి. ఈ సందులో అన్ని అంతస్తులా? ముందంతా ఆ అద్దాలేమిటి? మా వంటింటికి వెలుతురు ఎలా వస్తుంది? అంత లోతు తవ్వితే మా గోడ నిలుస్తుందా? అడగాల్సిన మాటలే అన్నీ. అయితే వీటన్నిటినీ ఒకే అర్జీలో కుక్కి వీధివాళ్లందరి సంతకాలతో పంపితే పని జరగదు. భవనం నచ్చకపోవడం వేరు, ప్లాన్‌కు విరుద్ధంగా కట్టడం వేరు, పక్కిల్లు కుంగడం వేరు. మొదటిది ఆర్కిటెక్టుతో మాట్లాడుకోవాల్సిన విషయం. రెండోది సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) లేదా కార్పొరేషన్ పని. మూడోదానికి ఆ రోజే పని ఆపించాలి.

ముందు ఎత్తు సంగతి. తమిళనాడు ఉమ్మడి అభివృద్ధి, భవన నియమాలు 2019 ప్రకారం 18.30 మీటర్లు దాటినదే హైరైజ్. దానికి లోపు ఉండే భవనాలకు మామూలు ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టొచ్చన్న లెక్క, 2. రెండు గ్రౌండ్ల స్థలం, అంటే 4,800 చదరపు అడుగులు ఉంటే 9,600 చదరపు అడుగులు కట్టుకోవచ్చు. అంతస్తుకు 2,400 చొప్పున వేసుకుంటే కింద స్టిల్ట్ పార్కింగ్, పైన నాలుగంతస్తులు. రోడ్డు వెడల్పును బట్టి డబ్బు కట్టి ప్రీమియం ఎఫ్‌ఎస్‌ఐ కొనుక్కుంటే ఇంకొంచెం పెరుగుతుంది. కాబట్టి 'మా వీధిలో అన్నీ మేడిళ్లే, ఇది మాత్రం ఇంత ఎత్తా' అన్న అభ్యంతరం ఎంత బాధతో రాసినా నిలబడదు. నిలబడేవాటి మీద శ్రమ పెట్టాలి.

రూపం విషయంలో కూడా సాధించుకోగలిగినవి ఉన్నాయి, మొదటి అంతస్తు ఇటుక పని మొదలయ్యేలోపు అడిగితే. ఏసీ బయటి యూనిట్లు మీ పడకగది వైపు కాకుండా వీధి వైపుకో డక్టులోకో మార్చమనవచ్చు. మీ కిటికీకి ఎదురుగా వచ్చే బాత్రూమ్ కిటికీ అడుగు అంచు ఐదున్నర అడుగుల ఎత్తుకు లేపమనవచ్చు, లేదా గరుకు అద్దం వేయించమనవచ్చు. పడమటి ముఖానికి అద్దాలు వేస్తే సాయంత్రపు ఎండ ఎదురింటి మీదికి తిరగ్గొడుతుంది. తక్కువ మెరుపున్న అద్దం అడగాలి. జనరేటర్ పొగగొట్టం ఎత్తుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ఉంది: భవనం ఎత్తుకు, జనరేటర్ సామర్థ్యం (కేవీఏ) వర్గమూలాన్ని 0.2తో హెచ్చించి కలపాలి. 100 కేవీఏ యంత్రమైతే గొట్టం కప్పు కంటే 2 మీటర్లు పైకి పోవాలి. మీ బాల్కనీ ఎత్తులో వదిలేస్తే కుదరదని ఈ లెక్కతో చెప్పండి. ఈ మార్పులు కాగితం మీద ఉన్నప్పుడు బిల్డరుకు పెద్ద ఖర్చు కావు. గోడ లేచాక ఎవరూ వినరు.

ఆమోదించిన ప్లాన్ చేతిలో లేకుండా ఏ ఫిర్యాదూ రాయకండి. నిర్మాణం సాగినంత కాలం ఆమోదిత ప్లాన్‌ను సైటులో కనబడేలా పెట్టాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17 తీర్పులో చెప్పింది. అక్కడ లేకపోతే అనుమతి నంబరైనా బోర్డు మీద ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకుని సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో ప్లాన్ నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. పెద్ద భవనమైతే ఎగ్మూరులోని సీఎండీఏకు, చిన్నదైతే కార్పొరేషన్ జోనల్ ఆఫీసుకు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది కంటే ఎక్కువున్నా ప్రాజెక్టు తమిళనాడు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ)లో నమోదై ఉండాలి. ఆ వెబ్‌సైట్లో బిల్డరు ఇచ్చిన కాగితాలు డబ్బు కట్టకుండానే చూడొచ్చు, అందుకే ముందు అక్కడ వెతకడం మేలు.

ప్లాన్ చేతికి రాకముందే ఒక పని చెయ్యాలి. పాత కాంపౌండు గోడ పడగొట్టేలోపు మీ ఇంటి మూల నుంచి ఆ గోడ బయటి ముఖం దాకా మూడు చోట్ల టేపు పట్టి కొలవండి: ముందు, మధ్య, వెనక. కాగితం మీద గీసి, కొలతలు వేసి, సైట్ ఇంజనీరు సంతకం కూడా పెట్టించుకోండి. 'మళ్లీ కట్టిస్తామండీ' అని నోటిమాటతో పడగొట్టిన గోడ కొత్తగా లేచేటప్పుడు అర అడుగు ఇటు జరగడం చాలా మామూలు. హద్దు మీదే తగాదా ఉంటే ప్రభుత్వ సర్వేయరుతో ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే శాఖ కొలతల పటం) ప్రకారం ఇద్దరి సమక్షంలో రాళ్లు పాతించుకోవాలి. గొయ్యి తీశాక కొలవడానికి నేలే ఉండదు.

ఇక అసలు పని: మీ ఇంటి స్థితిని రికార్డు చెయ్యడం. పరిహారం దగ్గర ఓడిపోయేవాళ్లలో ఎక్కువమంది ఇది చెయ్యనివాళ్లే. పగులు వచ్చాక తీసిన ఫొటోకు 'అది ముందే ఉందండీ' అన్న ఒక్క మాట చాలు.

జెసిబి దిగకముందే ప్రతి గదినీ తలుపు పక్క నుంచి మొదలుపెట్టి ఒకే దిశలో తిరుగుతూ ఫొటోలు తియ్యండి. నాలుగు గోడలు, కప్పు, నేల. ఉన్న ప్రతి బీటకూ రెండు ఫొటోలు: గది కనబడేలా దూరం నుంచి ఒకటి, స్కేలు పక్కన పెట్టి దగ్గర నుంచి ఒకటి. పెన్సిల్‌తో బీట రెండు కొసల దగ్గరా అడ్డగీత గీసి తేదీ వెయ్యండి. తర్వాత కొస ఆ గీత దాటితే బీట పాకుతోందన్నమాట. బావిగానీ బోరుగానీ ఉంటే తాడుకు బరువు కట్టి నీటి మట్టం కొలిచి రాసుకోండి. ఇదంతా స్ట్రక్చరల్ ఇంజనీరు చేత సంతకం చేయించి, ఒక ప్రతి బిల్డరుకు స్పీడ్ పోస్టులో పంపి, అందిన రుజువు దాచుకోండి.

అనుమానమున్న బీటలకు గాజు పట్టీ అంటించాలి. మైక్రోస్కోపు స్లైడు సైజు చాలు. రంగు మీద అంటిస్తే పెచ్చు మాత్రమే కదులుతుంది. బీటకు రెండు వైపులా రంగు, పూత గీకి, ఇటుక కనబడ్డాక ఎపాక్సీతో రెండు కొసలూ అంటించండి. మధ్యభాగం బీట మీద ఖాళీగా ఉండాలి. గోడ కదిలితే గాజు విరుగుతుంది. విరిగిన తేదీని ఆ రోజు సైటులో జరిగిన పనితో కలిపి రాయండి.

ఏ బీట దేనివల్ల వచ్చిందో కూడా నిజాయితీగా చూడాలి. స్లాబు కింద గోడ పొడవునా అడ్డంగా పోయే సన్నని గీత ఎండకు కప్పు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేది, చెన్నైలో చాలా ఇళ్లలో ఉంటుంది. దాన్ని బిల్డరు మీద వేస్తే మిగతా ఫిర్యాదు కూడా పలచబడుతుంది. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోతూ ఒక చివర వెడల్పయ్యే బీట పునాది కుంగుబాటుకు గుర్తు. అది వారం వారం పెరుగుతుంటే, లేదా 5 మిల్లీమీటర్లు దాటితే, ఇంజనీరును పిలవాలి. తలుపు పట్టేస్తోందంటే వానాకాలపు ఉబ్బు కూడా కావొచ్చు. ద్వారబంధం రెండు కర్ణాలూ కొలిచి చూస్తే తేలిపోతుంది.

ఈ రికార్డుకు బిల్డరు ఒప్పుకోవడం బిల్డరుకూ లాభమే, ఆ మాట ముందే చెప్పండి. నిర్మాణ పనికి తీసుకునే కాంట్రాక్టర్ ఆల్ రిస్క్ బీమా పాలసీలో పొరుగువారి నష్టానికి కవర్ ఉన్నా, అదురువల్లా, నేల ఆసరా తగ్గడంవల్లా కలిగే నష్టం మామూలుగా అందులోకి రాదు. దానికి విడిగా ఒక క్లాజు చేర్చుకోవాలి. ఆ క్లాజు పనిచెయ్యాలంటే చుట్టుపక్కల ఇళ్ల స్థితి మీద పనికి ముందు తీసిన నివేదిక ఉండాలి. 'మీ పాలసీలో ఆ క్లాజు ఉందా, కాపీ ఇస్తారా' అని రాతపూర్వకంగా అడగండి.

తవ్వకం రోజులే ఎక్కువ జాగ్రత్త కావాల్సినవి. టీనగర్‌లో చాలా భాగం 1920లలో ఎండగట్టిన చెరువు మీద లేచిన పేట. అడుగున బంకమట్టి, నీరు కూడా పైపైనే. ఇలాంటి చోట బేస్‌మెంటు కోసం రాత్రింబవళ్లు నీళ్లు తోడితే పక్క స్థలం కిందా నీటి మట్టం పడిపోయి మట్టి ముడుచుకుంటుంది. పాత ఇళ్ల ఇటుక పునాదులు మూడు నాలుగు అడుగుల లోతే ఉంటాయి. గొయ్యి పన్నెండు అడుగులకు పోతే వాటి పక్క ఆసరా పోయినట్టే. సున్నపు గారతో, కర్ర దూలాల మీద ఇటుకలు పేర్చిన మద్రాస్ టెర్రస్ కప్పుతో ఉన్న ఇళ్లు కాంక్రీటు ఇళ్లలా అదురు తట్టుకోలేవు.

మీరు చూడాల్సింది మూడు. గొయ్యి పక్క గోడ నిట్టనిలువుగా, ఏ ఆసరా లేకుండా ఉందా? హద్దు పక్కనే లోతు తవ్వేటప్పుడు షీట్ పైళ్లు (నేలలోకి దించే ఉక్కు పలకలు) గానీ, దగ్గరదగ్గరగా పోసిన కాంక్రీటు పైళ్లు గానీ ముందు దిగాలి, తవ్వకం ఆ తర్వాత. రెండు, పంపు నుంచి వచ్చే నీళ్లు. ఒక గాజు సీసాలో పట్టి అరగంట ఉంచండి. అడుగున మట్టి మందంగా పేరితే నీటితోపాటు నేల కూడా పోతోందని అర్థం. పంపు ఆపి ఫిల్టర్ వేసుకోమనాలి. మూడు, అదురు. కొట్టి దింపే పైళ్ల కంటే తవ్వి పోసే పైళ్లు పక్కింటికి చాలా మేలు. అదురు కొలిచే యంత్రం మీ గోడ మొదట్లో పెట్టించమని అడగండి. ఇంజనీర్లు వాడే జర్మన్ ప్రమాణంలో తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర మామూలు ఇళ్లకు హద్దు సెకనుకు 5 మిల్లీమీటర్లు, నాజూకైన పాత కట్టడాలకు 3. పైలింగ్‌లో గుంట గోడలు కూలకుండా వాడిన బెంటొనైట్ బురదను వాన కాలువలోకి వదిలితే అది గట్టిపడి, మొదటి వానకే వీధంతా నీళ్లు నిలుస్తాయి. ఫొటో తీసి కార్పొరేషన్ 1913కు చెప్పండి.

కాలం కూడా చూసుకోవాలి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్‌లో దిగుతాయి. అప్పటికి మట్టిని ఆపే రిటైనింగ్ గోడ లేచి, వెనక మట్టి నింపి గట్టించి ఉండాలి. సెప్టెంబరులో కొత్త గొయ్యి మొదలుపెడుతున్నారంటే వానల్లో గట్టును ఎలా కాపాడతారో రాసివ్వమనండి. ఆసరా లేని గొయ్యి వానకు జారడం తరచూ జరిగేదే.

గట్టు జారినా, హద్దు దగ్గర నేల చీలినా, మీ బీట ఒక్క రోజులో పెరిగినా అర్జీలు రాస్తూ కూర్చోవద్దు. ఆ గదులు ఖాళీ చేసి, సైటులో ఉన్నవాళ్లను కూడా గొయ్యిలోంచి బయటికి రమ్మని చెప్పి, పోలీసుకు, కార్పొరేషన్‌కు ఫోన్ చెయ్యండి. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన కూలీలు వాళ్లలో ఎందరో. నగరంలో ఇప్పటికీ అనేక సైట్లలో సెంట్రింగ్ కట్టేది, కమ్మీ వంచేది మన జిల్లాలవాళ్లే. శబ్దం మీద కోపం వాళ్ల మీద చూపకండి. పలకరిస్తే, ఏ రోజు ఏం పని జరిగిందో, ఎక్కడ మట్టి జారిందో అందరికంటే ముందు చెప్పేది వాళ్లే.

శబ్దానికి నియమం స్పష్టంగా ఉంది. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. స్లాబు పోసే రోజున రెడీమిక్స్ లారీలు రాత్రికి కూడా పాకుతాయి. పోత మధ్యలో ఆపితే కాంక్రీటుకు కోల్డ్ జాయింట్ (పాత పోత, కొత్త పోత సరిగా అతకని చోటు) పడి స్లాబు బలహీనమవుతుంది. అందుకని మధ్యలో ఆపించడం కంటే, ఎప్పుడు పోస్తున్నారో ముందే చెప్పి వేకువన మొదలుపెట్టమని అడగడం మంచిది.

పునాది మీద పిల్లర్ల కమ్మీ లేచిన వెంటనే సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) కొలవండి. హద్దు నుంచి పిల్లరు బయటి ముఖానికి ఎంతుందో చూసి ప్లాన్‌తో పోల్చాలి. పైన ఇటుక గోడ, పూత కలిసి ఇంకో రెండంగుళాలు మీ వైపుకు రావొచ్చు. తేడా కనబడితే ప్లాన్ నంబరు, ప్లాన్‌లో కొలత, నేల మీద కొలత, తేదీ, ఫొటో, ఇంతే రాసి పంపండి. 'ప్లాన్‌లో ఉత్తరం పక్క ఇంత వదలాలి, ఫలానా తేదీన మేము కొలిస్తే ఇంతే ఉంది, పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం 1971 సెక్షన్లు 56, 57 కింద చర్య కోరుతున్నాం' అనే నాలుగు వరుసల ఉత్తరం, నాలుగు పేజీల ఆవేదన కంటే త్వరగా కదులుతుంది. తమిళంలో రాయించి పంపితే ఇంకా నయం. మొదటి స్లాబు పడకముందే పంపాలి. స్లాబు పడ్డాక కూల్చమనడం చాలా కష్టం.

వెలుతురు విషయంలో కోర్టుకు వెళ్లేవాళ్లకు ఈజ్‌మెంట్ల చట్టం 1882 ఆధారం. ఇరవై ఏళ్లుగా ఆ కిటికీ గుండా అడ్డు లేకుండా వెలుతురు, గాలి వస్తున్నట్టు చూపించాలి, తగ్గుదల గణనీయంగా ఉండాలి. కొంచెం చీకటి పడిందంటే సరిపోదు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అదే గదిలో దీపం వెయ్యకుండా తీసిన పాత ఫొటోలు ఉంటే అప్పుడు పనికొస్తాయి.

చివర్లో నేల మట్టం చూడాలి. బిల్డర్లు తమ స్థలాన్ని వీధికంటే రెండు మూడడుగులు లేపుతారు, వాన నీరు పల్లంలో ఉన్న పాతింటి పెరట్లోకి వస్తుంది. హద్దు గోడ వెంట వాళ్ల వైపునే కాలువ ఉండాలి. కప్పు మీద నీళ్ల గొట్టాలు ఇంకుడు గుంటల్లోకే దిగాలి. కంప్లీషన్ సర్టిఫికెట్ ఇచ్చేలోపు ఈ లోపాలు రాసి పంపితే బిల్డరు వెంటనే సరిచేస్తాడు, ఎందుకంటే సర్టిఫికెట్ ఆగితే కరెంటు, నీటి కనెక్షన్లూ ఆగుతాయి.

బీటలు పూడ్చి రంగు వేసి, 'ఇక మాకే అభ్యంతరం లేదు' అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. చేసిన పనులు ఒక్కొక్కటీ పేరుపెట్టి, 'ఇంతవరకే' అని రాసి సంతకం చెయ్యండి. తుది సంతకం ఒక ఈశాన్య వానాకాలం గడిచి, గాజు పట్టీలు విరగలేదని చూసుకున్నాకే.